దివాన్ దేవిడి నుంచి దారుల్‌షిఫా దాకా



మా సోషల్ సార్ స్మృతిలో మాట్లాడమని నిర్వాహకులు అడగగానే నాకు ఒక ఎర్రబస్సు గుర్తొచ్చింది. సార్ ఏటా మా బడి పిల్లల్ని ఆ బస్సెక్కించి హైదరాబాదు తీసుకొచ్చేవారు. డబ్బాల్లో పులిహోర, చేతుల్లో నోటుబుక్కులు. పన్నెండు కాకముందే సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ముందు కూర్చోబెట్టేవారు. గడ్డపు కమ్మరి బొమ్మ సుత్తెతో క్షణం క్షణం కొడుతూనే ఉంటుంది. గంట వేళకు ఇంకో బుల్లి మనిషి తలుపు తీసుకుని బయటికొస్తాడు, పన్నెండు సార్లు గంట మోగించి మళ్లీ లోపలికి పోతాడు. జనమంతా గొంతు కలిపి లెక్కపెడతారు. ఆ సందడి సద్దుమణిగాక సార్ అడిగేవారు: "ఇవన్నీ ఎవరివిరా?"

"నవాబుగారివి సార్" అనేవాళ్లం.

"ఏ నవాబు?"

అక్కడ మా నోళ్లు మూతపడేవి. ఇవాళ నేను చెప్పబోయేది ఆ ప్రశ్నకు జవాబే. కాస్త ఆలస్యమైంది.

ఒక్క నవాబు కాదు, ముగ్గురు. మొదటి సాలార్‌జంగ్ మీర్ తురాబ్ అలీఖాన్. 1853 నుంచి 1883లో కన్నుమూసే వరకూ నిజాం రాజ్యానికి దివాను. బ్రిటిష్‌వాళ్ల చేతికి పోయిన బెరారు ప్రాంతాన్ని తిరిగి రాబట్టాలన్న తపనతో 1876లో యూరప్ వెళ్లాడు. బెరారు రాలేదు. కానీ రోములో ఆయన కొన్న పాలరాతి శిల్పం మనకు మిగిలింది. అదే మేలిముసుగు రెబెకా. చెక్కింది ఇటలీ శిల్పి బెంజోనీ. బైబిలు కథలో రెబెకా తనకు కాబోయే భర్తను దూరం నుంచి చూసి ముసుగు కప్పుకుంటుంది. ఆ ఘడియ ఇది.

దాని ముందు రెండు నిమిషాలు నిలబడి వచ్చేయకండి. ఓపిగ్గా చూడండి. ముసుగు రాయే, ముఖమూ రాయే, రెండూ ఒకే రాయి. అయినా ముక్కు కొస దగ్గర బట్ట బిగిసినట్టు, చెంప దగ్గర కాస్త వదులైనట్టు, రెప్పల మీద తడిసి అంటుకున్నట్టు కనిపిస్తుంది. ఇటు జరిగితే వెలుగు మారి పెదవులు తేలతాయి, అటు జరిగితే మళ్లీ ముసుగే. బెంజోనీ ఈ రూపాన్ని ఒకటికి మించి చెక్కాడన్నది నిజమే. అంతమాత్రాన మన రెబెకా విలువ నా దృష్టిలో వీసమెత్తు కూడా తగ్గదు.

రెండో సాలార్‌జంగ్ మీర్ లాయిక్ అలీఖాన్ 1889 జులైలో, ముప్పై ఏళ్లైనా నిండకుండానే పోయాడు. అప్పటికి ఆయన కొడుకు యూసుఫ్ అలీఖాన్ నెల తిరగని పసికందు. ఈ పసివాడే మూడో సాలార్‌జంగ్. 1912లో ఏడో నిజాం దగ్గర దివాను అయ్యాడు, రెండేళ్లకే ఆ పదవి వదిలేశాడు. పెళ్లి చేసుకోలేదు. ఆ తర్వాత మూడున్నర దశాబ్దాలు కొనడమే ఆయన జీవితమైంది. జేడ్ పిడికత్తులు, బిద్రీ పనితనం, చైనా పింగాణి, ఫ్రెంచి కుర్చీలు, రాజా రవివర్మ చిత్రాలు, అరబ్బీ ఫార్సీ రాతప్రతులు. ఒకే దుంగలో ముందువైపు సైతాను మెఫిస్టోఫెలిస్‌నూ వెనకవైపు అమాయకురాలు మార్గరెట్‌నూ చెక్కిన కొయ్యబొమ్మ కూడా ఆ కుటుంబం సేకరణలో ఉంది. దాని వెనక పెట్టిన అద్దంలో మార్గరెట్ తల వంచుకుని కనిపిస్తుంది. ఇదంతా నిండింది ఆయన ఇల్లు దివాన్ దేవిడిలో.

1949 మార్చి 2న ఆయన కన్నుమూశాడు. వారసులుగా బిడ్డల్లేరు, బంధువుల హక్కులు తేలలేదు. వేల వస్తువులు గదుల్లో అలాగే ఉన్నాయి. మన మ్యూజియం చరిత్రలో నాకు గుండె బిగబట్టినట్టుండేది ఈ ఘట్టమే. భాగాలు పంచుకుని ఎవరి వాటా వాళ్లు అమ్ముకుంటే రెబెకా ఒక దేశానికి, గడియారం ఇంకో దేశానికి పోయేవి. అలా జరగలేదు. ప్రభుత్వం ఎస్టేటు కోసం ఒక కమిటీ వేసింది. రాష్ట్ర పాలన చూస్తున్న ఎం.కె. వెల్లోడి, ఆ వస్తువుల్ని ఒక తీరున అమర్చమని కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌ను పిలిచాడు. ఈ కజిన్స్ మనకు పరాయివాడు కాదు. ఐర్లండులో పుట్టినా మదనపల్లె కాలేజీలో ఏళ్ల తరబడి పనిచేశాడు. 1919లో రవీంద్రుడు 'జనగణమన'ను ఇంగ్లీషులోకి తెచ్చింది అక్కడే, స్వరం రాసి పెట్టింది కజిన్స్ భార్య మార్గరెట్. ఆ కజిన్స్ చేతుల మీదుగానే దివాన్ దేవిడి ప్రదర్శనశాల అయింది. 1951 డిసెంబరు 16న నెహ్రూ దాన్ని ప్రారంభించాడు.

హక్కుల సంగతి మాత్రం 1958 డిసెంబరు దాకా నలిగింది. హైకోర్టులో రాజీ డిక్రీ కుదిరి, కుటుంబీకులు మొత్తం సేకరణను భారత ప్రభుత్వానికి ఇచ్చేశారు. నవాబుల పేర్లు అందరికీ తెలుసు. ఆ కాగితాల మీద సంతకాలు పెట్టి తమ వాటా వదులుకున్నవాళ్లను తలుచుకునేవాళ్లేరి? నేను ఈ వేదిక మీద వాళ్లకు దండం పెడుతున్నాను. 1961లో పార్లమెంటు చట్టంతో మ్యూజియం జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో మూసీ దక్షిణపు ఒడ్డున, దారుల్‌షిఫాలో కట్టిన కొత్త భవనానికి మారింది. తర్వాత రెండు పక్కలా లేచిన భవనాలకు తురాబ్ అలీ, లాయిక్ అలీల పేర్లు పెట్టారు.

నా మనసులో ఒక ముల్లు మాత్రం ఉంది. వస్తువుల్ని కాపాడుకున్నాం, ఇంటిని కాపాడుకోలేదు. దివాన్ దేవిడిలో అద్దాల మహలు ఉండేది, గోడలకు పింగాణి తాపిన చీనీఖానా ఉండేది. ఇప్పుడక్కడ బట్టల దుకాణాలు. ఆ పింగాణి పళ్లేలను అద్దాల బీరువాలో చూస్తాం గానీ, అవి మెరిసిన గదిని ఎక్కడ చూస్తాం?

రేపు శుక్రవారం, మ్యూజియానికి సెలవు. ఎల్లుండి పిల్లల్ని తీసుకెళ్లండి. పన్నెండుకు పావుగంట ముందే గడియారం దగ్గర చోటు చూసుకోండి, జనం ఎక్కువ. అది అయ్యాక ఎండ అనుకోకుండా దివాన్ దేవిడి దాకా నడవండి. దూరమేం కాదు. దుకాణాల మధ్య పాత గేట్లు ఇంకా నిలిచి ఉన్నాయి. ఆ కమాను కింద పిల్లల్ని నిలబెట్టి, మా సార్ అడిగిన ప్రశ్నే అడగండి.