చిన్న బల్లపై టర్న్‌టేబుల్

మోడల్ రైల్వే కట్టేవారిలో చాలామంది చోటు చాలదని, ఇంజన్‌ను తిప్పే టర్న్‌టేబుల్ ఆలోచన మానుకుంటారు. నిజానికి చోటు తక్కువైనప్పుడే అది బాగా అక్కరకొస్తుంది.

ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ దీవిలో బెంబ్రిడ్జ్ స్టేషన్ ఇందుకు చక్కని ఉదాహరణ. 1882లో మొదలై 1953లో మూతపడిన ఆ శాఖా రైలుమార్గం చివర, ఇంజన్‌ను పక్క పట్టాలకు మళ్లించే పాయింట్లకు చోటు లేదు. అందుకే ప్లాట్‌ఫారం కొసన చిన్న టర్న్‌టేబుల్ పెట్టారు. రైలు తెచ్చిన ఇంజన్ దానిమీదికెక్కి, కాస్త తిరిగి, పక్క పట్టాల మీదుగా రైలు రెండో చివరకు చేరేది.

ఈ పద్ధతి మోడల్‌కు సరిగ్గా సరిపోతుంది. ఓఓ స్కేలులో ఒక అడుగుకు 4 మిల్లీమీటర్లు. పెద్ద టెండర్ ఇంజన్లకు కావలసిన 60 అడుగుల టేబుల్ 240 మిల్లీమీటర్లవుతుంది. చిన్న ట్యాంక్ ఇంజన్‌కు 25 అడుగులది, అంటే 100 మిల్లీమీటర్లది చాలు. కాబట్టి ముందు ఇంజన్‌ను ఎంచుకోండి. దాని మొదటి, చివరి చక్రాల మధ్య దూరం కొలిచి, కొంచెం కలిపి టర్న్‌టేబుల్ వంతెన, అంటే ఇంజన్ నిలిచే తిరిగే భాగం, పొడవు నిర్ణయించండి.

కరెంటు విషయంలో జాగ్రత్త. రెండు పట్టాల పద్ధతిలో వంతెన సగం చుట్టు తిరిగితే పట్టాల ధ్రువాలు తారుమారై షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ఇరుసు దగ్గర రెండుగా చీల్చిన రాగి వలయం అమరిస్తే ధ్రువాలు వాటంతటవే సర్దుకుంటాయి. కొద్ది కోణమే తిరిగే వంతెనకు ఈ బెడద లేదు.

బల్లకు రంధ్రం చేసేముందు అట్టముక్కతో వంతెన చేసి, గుండుసూదిపై తిప్పి చూడండి. పట్టాలు కచ్చితంగా కలిశాకే రంపం పట్టండి.