విత్తుల బండ్లు

జహీరాబాదు ప్రాంతమున సంక్రాంతి పండుగతో పాతపంటల జాతర ప్రారంభమగును. ఎడ్లబండ్ల వరుస ఊరినుండి ఊరికి సుమారొక మాసము సాగును. ఆ బండ్ల అలంకరణమును గూర్చి మేము నేడు ముచ్చటింపదలచితిమి. రేడియోలో రంగులు చూపుట మా వశము కాదు. శ్రోతలే వానిని మనస్సున ఊహించుకొందురుగాక.

బండికి మామిడాకుల తోరణములు, బంతిపూల దండలు. పైన మట్టికుండలు, బుట్టలు. వానిలో తెల్లజొన్న, పచ్చజొన్న, కొఱ్ఱ, సామ, సజ్జ, కంది, అనుము, అవిసె. పేడతో అలికిన నేలపై ఆ గింజలతోనే ముగ్గు తీర్చుటయు కలదు. దాదాపు అంతయు ఇంటిలోనిదే, చేనిలోనిదే. బతుకమ్మను పేర్చిన చేతులకు ఇది క్రొత్త విద్య కాదు. చేలలో కలుపుగా మొలచు గునుగును, బీడున పూచు తంగేడును గోపురముగా నిలిపి, ఆడి పాడి, చెఱువులో వదలివచ్చు స్త్రీలు వీరు.

జాతరను నడపునది 1983లో ఏర్పడి, పస్తాపూరు కేంద్రముగా పనిచేయు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ. అందలి మహిళాసంఘముల సభ్యులలో పెక్కుమంది దళిత స్త్రీలు, చిన్నకమతముల రైతులు. 2008లో మాచునూరులో ‘సంఘం రేడియో’ను నెలకొల్పినవారును వీరే. 2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారి ఈక్వేటర్ పురస్కారము లభించినది.

నిత్యోపయోగ వస్తువులను కొంతకాలము ఒకచోట అమర్చి, పిదప తొలగించు కళకు నేటి విమర్శకులు ‘ఇన్‌స్టలేషన్’ అని పేరిడిరి. 2010లో చైనా కళాకారుడు ఐ వేవే లండనులోని టేట్ మోడరన్ శాలలో సుమారు పదికోట్ల ప్రొద్దుతిరుగుడు గింజలు పరపించెను. ప్రతి గింజయు పింగాణితో చేసి, చేతితో రంగువేసినదే. కొలదిదినములకే పింగాణిధూళి హానికరమని ప్రేక్షకులను దానిపై నడువనీయలేదు. అది గొప్ప కృతియే, సందేహము లేదు. కాని ఆ గింజ మొలకెత్తదు. జహీరాబాదు బండిమీది గింజ మొలకెత్తవలయును. మొలకెత్తకున్న దాని అందము వ్యర్థము. వర్షాధారపు ఎఱ్ఱనేలలో నిలిచిన యీ రకములు ఒకసారి వంశము తప్పిన, విత్తనాల దుకాణములో అడిగినను దొరకవు. అందుచేతనే సంఘముల విత్తనభాండారమున విత్తు తీసికొన్నవారు పంట వచ్చిన పిదప తీసికొన్నదానికి మించి తిరిగి కొలుతురు.

ఇటీవల పట్టణములలో ధాన్యపుగింజలను జిగురుతో అట్టకంటించి చిత్రములు చేయుట చూచుచున్నాము. నేర్పు కలదు గాని ఆ గింజ తినుటకును పనికిరాదు, విత్తుటకును పనికిరాదు. మాకది రుచింపదు.

జాతర ముగిసిన పిదప బండ్లు దింపుదురు. విత్తులు బూడిదతోను, వేపాకుతోను కలిసి మట్టి మెత్తిన బుట్టలలోనికి పోవును. మామిడాకులు ఎరువుగుంతకు చేరును. బంతిదండలను మాత్రము వెంటనే పారవేయరు. ఎండిన పూవును నలిపిన వచ్చే యేటికి విత్తనము దొరకును.