పరిశీలించాలి, నెలకొల్పాలి



ఓర్వకల్లులో సాహిత్య సభ పెట్టుకుని కేంద్ర రాష్ట్రాల అధికారాల సంగతి ఎత్తుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. ఊరి బయటికి వచ్చి నాలుగు దిక్కులా చూస్తే ఆ వింత పోతుంది. పాలకొలను వైపు రక్షణ పరిశోధన సంస్థ వారి పరీక్షా క్షేత్రం ఉంది. 2025 ఏప్రిల్‌లో లేజర్ ఆయుధాన్ని, జులైలో డ్రోన్ నుంచి వదిలే క్షిపణిని అక్కడే ప్రయోగించి చూశారు. అది పూర్తిగా ఢిల్లీ పరిధి. గని, శకునాల గ్రామాల చుట్టూ 5,932 ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సౌర పలకలు పరుచుకున్నాయి. విద్యుత్తు ఉమ్మడి జాబితాలోని 38వ అంశం. 2021 మార్చిలో విమానాశ్రయం తెరుచుకుంది. కట్టినది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ, ఎగరడానికి అనుమతి ఇవ్వవలసింది కేంద్రం, పెట్టుకున్న పేరు రేనాటి ఉయ్యాలవాడ నరసింహారెడ్డిది. వీటన్నిటి కిందా ఉన్న భూమి మాత్రం రాష్ట్ర జాబితాలో 18వ అంశం. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని మూడు జాబితాలూ ఒక్క మండలంలో కళ్లకు కనబడే చోటు ఇది.

2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఇక్కడ 2,621 ఎకరాల పారిశ్రామిక ప్రాంతానికి, 2,786 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదం తెలిపింది. అదే రోజు కడప దగ్గర కొప్పర్తికీ ఆమోదం వచ్చింది. ఈ పథకాల్లో రాష్ట్రం భూమి పెడుతుంది, కేంద్రం డబ్బు పెడుతుంది, ఇద్దరూ కలిసి కంపెనీ ఏర్పాటు చేస్తారు. రాయలసీమ చేతిలో పెట్టుబడిగా ఉన్నది భూమి ఒక్కటే. డబ్బు విడతలు విడతలుగా వస్తుంది, భూమి ఒక్కసారే పోతుంది. అందుకే పొలం గుత్తకిచ్చే రైతు ముందు అడిగేది ఒకటే: నోటిమాటేనా, కాగితం రాసినావా? రాస్తే ఏమని రాసినావు?

ఆ ప్రశ్నే ఈ ఉపన్యాసానికి ఆధారం. కాగితం మీద ఏమని రాశారో చదవడం సాహిత్యకారుల పని కూడా.

ముందుగా ‘కేంద్రం’ అన్న మాటనే చూడవచ్చు. రాజ్యాంగం మొదటి అధికరణం ఇండియాను రాష్ట్రాల యూనియన్ అంటుంది. కేంద్రమంటే వృత్తం మధ్య ఉండే బిందువు. గ్రీకు నుంచి సంస్కృత జ్యోతిషంలోకి, అక్కడి నుంచి తెలుగులోకి వచ్చిన మాట. ఆ మాటను ఒప్పుకోగానే మిగిలినదంతా అంచు అయిపోతుంది. ‘కేంద్రం మిథ్య’ అని ఎన్.టి. రామారావు అన్నప్పుడు చాలామంది దాన్ని ఆవేశం కింద కొట్టేశారు. 1984 ఆగస్టులో ఆయన ప్రభుత్వాన్ని గవర్నర్ రద్దు చేశాక, నెల తిరిగేసరికి జనాగ్రహానికి తలవంచి మళ్లీ నిలబెట్టాల్సి వచ్చినప్పుడు గానీ, ఆ మాటలో రాజ్యాంగ వ్యాకరణం ఎంత ఉందో తెలిసిరాలేదు. 2021లో తమిళనాడు ప్రభుత్వం ‘ఒన్రియ అరసు’ (యూనియన్ ప్రభుత్వం) అనే మాటను పట్టుబట్టి వాడుకలోకి తెచ్చింది. తెలుగులో అటువంటి ప్రయత్నమే జరగలేదు.

రాసిన మాట ఎలా నిలుస్తుందో కర్నూలుకు బాగా తెలుసు. 1953 అక్టోబరు 1న ఆ ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఆ రాష్ట్రాన్ని పుట్టించిన చట్టంలోనే తుంగభద్ర నీటి కోసం ఒక ఏర్పాటు ఉంది. దాని కింద రాష్ట్రపతి ఉత్తర్వుతో తుంగభద్ర బోర్డు ఏర్పడింది. అధ్యక్షుణ్ణి కేంద్రం నియమిస్తుంది, రాష్ట్రాలు సభ్యులను పంపుతాయి. పార్టీలు మారాయి, ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రాలే రెండుసార్లు రూపు మార్చుకున్నాయి. బోర్డు ఉంది, దిగువ కాలువ ఆదోని వైపు పారుతోంది. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు పర్యవేక్షణలో వారం రోజుల్లో తాత్కాలిక పలకలు దించి నీరు నిలిపారు. ఆ వారం కర్ణాటక, ఆంధ్ర మంత్రులు ఒకే గట్టు మీద నిలబడ్డారు. ఎవరి బాధ్యత ఎంతో డెబ్బై ఏళ్ల కిందటే తేలిపోయి ఉండడం ఆ రోజు పనికొచ్చింది.

ఇక 2014 నాటి ఆంధ్రప్రదేశ్ విభజన చట్టం. దీన్ని క్రియాపదాలు పట్టుకుని చదవాలి.

పదమూడో షెడ్యూలులో విద్యాసంస్థల గురించి, వాటిని నెలకొల్పడానికి భారత ప్రభుత్వం చర్యలు తీసుకోవాలని ఉంది. కర్నూలు జగన్నాథగట్టు మీద ట్రిపుల్ ఐటీ వచ్చింది, అనంతపురానికి కేంద్రీయ విశ్వవిద్యాలయం వచ్చింది. అదే షెడ్యూలులో కడప జిల్లా ఉక్కు కర్మాగారం గురించి రాసింది వేరు. ఆరు నెలల్లోగా స్టీల్ అథారిటీ సాధ్యాసాధ్యాలు ‘పరిశీలించాలి’. స్టీల్ అథారిటీ పరిశీలించింది, లాభసాటి కాదంది. చట్టం అడిగిన పని అక్కడితో అయిపోయింది! ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వాలు 2018 డిసెంబరులో ఒకసారి, 2019 డిసెంబరులో ఒకసారి, 2023 ఫిబ్రవరిలో మరోసారి జమ్మలమడుగు ప్రాంతంలో పునాదిరాళ్లు వేశాయి. ఒక క్రియాపదం బలహీనంగా ఉంటే దాని మీద ఎన్ని రాళ్లు పేర్చినా గోడ లేవదని ఆ ఊళ్ల జనానికి మన వ్యాకరణ పండితుల కంటే ముందే అర్థమైంది.

విశేషణాల సంగతీ అంతే. 46వ సెక్షన్ రాయలసీమకు, ఉత్తరాంధ్రకు ‘తగినన్ని’ ప్రోత్సాహకాలు ఇవ్వాలంది. ఎంతయితే తగినంత? ఏడు జిల్లాలకు, జిల్లాకు ఏడాదికి 50 కోట్ల చొప్పున అని ఢిల్లీ లెక్క తేల్చింది. కరువుకు తగినంత ఎంతో సీమను అడిగి కట్టిన లెక్క కాదది.

మరి బలమైన క్రియ ఉంటే చాలునా? చాలదు. కృష్ణా నది యాజమాన్య బోర్డు ప్రధాన కార్యాలయం ఆంధ్రప్రదేశ్‌లో ఉండాలని 85వ సెక్షన్ తేటగా రాసింది. ఎప్పటిలోగా అన్నది రాయలేదు. పదేళ్లు దాటినా కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉండిపోయింది. శ్రీశైలం ఇక్కడ ఉన్నప్పుడు కార్యాలయం కర్నూలులో పెట్టాలని జనం చేసిన ధర్నాలు పత్రికల జిల్లా పేజీలు దాటలేదు. ప్రత్యేక హోదాకు ఆ మాత్రం కాగితం కూడా లేదు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ నోట వచ్చింది, చట్టంలోకి రాలేదు.

ఇదంతా ఢిల్లీ తప్పుల చిట్టాగా వినిపిస్తే ఉపన్యాసం దారి తప్పినట్టే. రాసిన మాటను తిరగరాయబోయింది రాష్ట్రం కూడా. 2019లో సౌర, పవన విద్యుత్ కొనుగోలు ధరలను సమీక్షిస్తామని రాష్ట్ర ప్రభుత్వం బయలుదేరింది. ఒప్పందాలు తిరగదోడవద్దని కేంద్ర విద్యుత్ శాఖ అడ్డుపడింది. ఒప్పందం ధరే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు తేల్చింది. అధిక ధర భారం నిజమే కావచ్చు. కానీ తనకిచ్చిన హామీని నిలబెట్టమని అడిగే రాష్ట్రం, తాను చేసిన సంతకాన్ని బరువుగా చూడక తప్పదు.

ఇంకా కిందికి దిగితే పంచాయతీ. కేంద్ర ఆర్థిక సంఘం సిఫారసుతో గ్రామాలకు వచ్చిన నిధులను విద్యుత్ బకాయిల కింద రాష్ట్రం సర్దుకున్నదని 2021లో సర్పంచులు రోడ్డెక్కారు. సెస్సులు, సర్‌చార్జీలు రాష్ట్రాలతో పంచుకోనవసరం లేని పన్నులు కావడం వల్ల ఢిల్లీ వాటిని పెంచుకుంటూ పోతున్నదని హైదరాబాదూ అమరావతీ గొంతెత్తుతాయి. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. కడప జిల్లాలో పుట్టిన వై.వి. రెడ్డి అధ్యక్షతన 14వ ఆర్థిక సంఘం రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచితే, పంచే కుప్పే చిన్నదవుతూ వచ్చింది. సర్పంచు ఫిర్యాదు కూడా అదే బాధ, ఒక మెట్టు కింద. ఈ ఓర్వకల్లులోనే 1995 నుంచి పొదుపు సంఘాల మహిళలు ప్రతి రూపాయీ తీర్మానం పుస్తకంలో రాసి, చదివి వినిపించి, వేలిముద్రో సంతకమో పెట్టాకే కదిలించారు. వాళ్లకు తెలిసిన పద్ధతి పై రెండు ప్రభుత్వాలకూ తెలియనిది కాదు.

చట్టాల ప్రామాణిక పాఠం ఇంగ్లీషులో ఉంటుందని 348వ అధికరణం చెబుతుంది. తెలుగు రాష్ట్ర అధికార భాష అయింది 1966లో. భూమి ఇచ్చినవాళ్లకు ఒప్పందం వాళ్ల భాషలో అందకపోతే ‘పరిశీలించాలి’కీ ‘నెలకొల్పాలి’కీ నడుమ ఎన్ని కోట్ల తేడా ఉందో తెలిసే దారి లేదు. కాబట్టి మధ్యాహ్నం కూర్చునే సమావేశంలో పద్య పఠనానికి ముందు ఒక గంట విభజన చట్టానికి కేటాయించాలని ఈ అధ్యక్ష స్థానం కోరుతున్నది. 46, 85 సెక్షన్లు, పదమూడో షెడ్యూలు, దాన్ని అమలు చేయమనే 93వ సెక్షన్. వాడుక తెలుగులో ఒక ప్రతి తయారు చేసి శకునాలలో, పాలకొలనులో, గనిలో చదివి వినిపించాలి. నిఘంటువులు వెంట తెచ్చుకున్నవారు ముందు వరుసలోకి రావలసిందిగా మనవి.