నివాసానుమతికి ఛాయాచిత్రము

మన ఇండ్లలో ఫోటో తీయించుకొనుట చిరకాలము ఒక ముచ్చటగా సాగినది. పెండ్లి సంబంధమునకు పంపునప్పుడు గాని, గోడకు పటము కట్టించునప్పుడు గాని, ముఖము కొంచెము ప్రక్కకు త్రిప్పి, పెదవులపై చిరునవ్వు నిలిపి, స్టూడియోవారు రంగు తేల్చి ఇచ్చినచో ఇంటిల్లిపాదియు సంతోషించుట కలదు. నేడు మన పిల్లలు పలువురు చదువులకై జర్మనీ దేశమునకు వెళ్ళుచున్నారు. అక్కడ నివాసానుమతి కార్డునకు కావలసిన ఫోటో ఈ ముచ్చటలన్నిటికిని విరుద్ధమైనది. తల్లిదండ్రులకు ఈ సంగతి ముందుగా తెలిసియుండుట మంచిదని మేము తలచుచున్నాము.

2011 సెప్టెంబరు 1 నుండి జర్మనీ ఈ అనుమతిని చిప్ గల కార్డుగా ఇచ్చుచున్నది. ఆ చిప్‌లో ఫోటోయు, వ్రేలిముద్రలును ఉండును. కన్నుల నడిమి దూరము, ముక్కు, గడ్డముల నెలవులు మొదలైనవానినిబట్టి యంత్రము మనిషిని ఫోటోతో పోల్చును. నవ్వినచో బుగ్గలు పొంగి, కన్నులు చిన్నవై, పోలిక చెడును. నవ్వవద్దనుటకు కారణమిదియే గాని, మన నవ్వు అధికారులకు గిట్టక కాదు.

ఫోటో వెడల్పు 35, ఎత్తు 45 మిల్లీమీటర్లు. అందులో గడ్డము మొదలు నడినెత్తి వరకు 32 నుండి 36 మిల్లీమీటర్లు ఉండవలెను. చూపు సూటిగా, నోరు మూసి, కన్నులు తెరచి ఉండవలెను. కళ్ళజోడు ఉండవచ్చును, అద్దములు మెరయకూడదు, చట్రము కన్నులను కప్పకూడదు. వెనుక నీడలు పడని లేత రంగు తెర చాలును. తెల్లచొక్కా ఆ తెరలో కలిసిపోవును గనుక ముదురు రంగు మేలు.

మేము నొక్కి చెప్పదలచినది ముఖవర్ణమును గురించి. చామనచాయను తెల్లగా చేయుట, మచ్చలు చెరుపుట మన స్టూడియోలలో అడుగకుండగనే జరుగు ఉపకారము. నియమములు కోరునది సహజవర్ణము. పిల్లవాని ముఖము ఉన్నది ఉన్నట్లు కనబడుటలో మనకు వచ్చిన తక్కువ యేమి? దిద్దిన ఫోటో తిరస్కరింపబడినచో కార్డు ఆలస్యమగును. వీసా గడువు తీరి, కార్డు చేతికి రాని విద్యార్థి అక్క పెండ్లికి రాదలచినను, తిరిగి ప్రవేశము దొరకునో లేదోయని వెనుదీయవలసివచ్చును.

ఇద్దరి ముఖములను కలిపి ఒకటిగా చేసిన చిత్రముతో ఒకే పత్రమును ఇద్దరు వాడుకొను మోసము బయలుదేరినది. దానిని అరికట్టుటకై 2025 మే 1 నుండి అక్కడ కాగితపు ఫోటోలకు బదులు డిజిటల్ చిత్రములను కోరుచున్నారు. పాత పద్ధతికి ఆ జూలై 31 వరకే సడలింపు ఇచ్చిరి. అందుచేత ఇక్కడినుండి పెట్టెలో సర్ది పంపిన అరడజను ఫోటోలు ఆ కార్డునకు అక్కరకు రావు. బయలుదేరుటకు ముందు అడుగు వీసా ఫోటోల మాట వేరు.

ధ్రువీకరణ పొందిన ఫోటోగ్రాఫరు తీసిన చిత్రము భద్రమైన మార్గమున కార్యాలయమునకు చేరును. ఆయన ఇచ్చు సంకేతపు కాగితమును పాస్‌పోర్టుతోపాటు తీసికొని వెళ్ళవలెను. యంత్రమున్న కార్యాలయములో 6 యూరోలు చెల్లించి అక్కడనే తీయించుకొనవచ్చును. అది ఉన్నదో లేదో వెళ్ళుటకు ముందే కనుగొనుట మేలు.