కత్తెర పడిన చోట



భయానక చిత్రాల మీద రాసేవాళ్లలో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. దర్శకుడు మొదట కూర్చినదే అసలు సినిమా అనీ, థియేటర్‌కి వచ్చింది దాని చెడిపోయిన రూపమనీ. ఈ సదస్సుకు వచ్చిన యువ పరిశోధకులు ఆ నమ్మకాన్ని కాసేపు పక్కన పెట్టి వినాలని కోరుకుంటున్నాను.

‘ఎక్సార్సిస్ట్’నే తీసుకోండి. విలియం ఫ్రీడ్‌కిన్ తొలి కూర్పు దాదాపు 140 నిమిషాలు. 1973 డిసెంబరులో విడుదలైంది సుమారు 122 నిమిషాలు. కత్తెర పట్టింది దర్శకుడే. నవల రాసి, చిత్రాన్ని నిర్మించిన బ్లాటీకి మాత్రం మొదటి కూర్పే నచ్చింది. ఈ వాదం పాతికేళ్లకు పైగా నడిచి, 2000లో 132 నిమిషాల వెర్షన్‌తో తెరమీదికొచ్చింది.

తిరిగి చేరినవాటిలో రెండు ఘట్టాలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి, దయ్యం పట్టిన పిల్ల వెనక్కి వంగి, చేతులూ కాళ్లూ నేలకానించి, సాలీడులా మెట్లు దిగి రావడం. స్నేహితుడి చావు కబురు తల్లి చెవిన పడిన మరుక్షణమే ఇది వస్తుంది. ఆ దుఃఖానికి ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఉండదు. దీన్ని తీసేసిన 1973 నాటి ఫ్రీడ్‌కిన్‌దే సరైన తీర్పని నేను గట్టిగా నమ్ముతాను. రెండోది, అలసిపోయిన ఇద్దరు ఫాదరీలు మెట్ల మీద మాట్లాడుకోవడం. ఈ పిల్లనే ఎందుకు పట్టిందని చిన్నాయన అడుగుతాడు. మనం పశువులమనీ, దేవుడి ప్రేమకు తగమనీ మనచేత అనిపించడానికే అంటాడు పెద్దాయన. ఈ మాటలు లేని సినిమా చూసినవాళ్లలో చాలామంది చివరికి దయ్యమే గెలిచిందనుకున్నారు. బ్లాటీ బాధ అదే. ఇక్కడ నా ఓటు ఆయనకే. ఒకే సినిమాలో ఒక కోత మేలు చేసింది, ఒక కోత కీడు చేసింది.

కోత వల్ల ఏకంగా పాత్ర స్వభావమే మారిపోయిన సందర్భం ‘ఫ్రాంకెన్‌స్టైన్’. 1931లో జేమ్స్ వేల్ తీశాడు. చెరువు గట్టున చిన్నపిల్ల పూలు నీళ్లలో వేస్తుంటే అవి తేలుతుంటాయి. బోరిస్ కార్లాఫ్ పోషించిన ఆ వికృత జీవీ మురిసిపోయి పూలు వేస్తాడు. పూలు అయిపోతాయి. పిల్ల కూడా తేలుతుందనుకుని ఎత్తి విసిరేస్తాడు, మునిగిపోగానే బెంబేలెత్తిపోతాడు. కొన్ని అమెరికా రాష్ట్రాల సెన్సార్ బోర్డులు ఆ విసరడాన్ని కోసేశాయి. తర్వాతి విడుదలల్లోనూ అది లేదు. చేతులు చాచిన చోట దృశ్యం తెగి, కాసేపటికి తండ్రి చేతుల్లో పిల్ల శవం కనబడుతుంది. మధ్యలో ఏం జరిగిందో ప్రేక్షకుడు ఊహించుకోవాలి. ఆ ఊహ అసలు దృశ్యంకంటే ఘోరమైనది! అమాయకత్వంతో జరిగిన చావు కాస్తా రాక్షసకృత్యమైపోయింది. ఆ ముక్క 1980లలో గానీ తిరిగి చేరలేదు. అంటే దశాబ్దాల తరబడి వచ్చిన విమర్శలో చాలా భాగం వేరే సినిమా గురించి రాసినదన్నమాట.

రాబిన్ హార్డీ ‘వికర్ మ్యాన్’ది ఇంకో గతి. 1973లో సుమారు 87 నిమిషాలకు కుదించి విడుదల చేశారు. ద్వీపంలో రెండు రాత్రుల కథ ఒక్క రాత్రికి ముడుచుకుపోయింది. అసలు నెగటివ్ పోయింది. హార్వర్డ్ ఫిల్మ్ ఆర్కైవ్‌లో దొరికిన ప్రింటు ఆధారంగా 2013లో మరో కూర్పు వచ్చింది. భద్రపరిచేవాళ్లు లేకపోతే మన వాదాలకు ఆధారమే ఉండదు.

‘డైరెక్టర్స్ కట్’ అన్న ముద్రనూ అట్టే నమ్మకండి. 2003లో ఆ పేరుతో వచ్చిన ‘ఏలియన్’ 1979 నాటి దానికంటే నిడివిలో చిన్నది. తనకు తృప్తినిచ్చింది పాతదేనని దర్శకుడు రిడ్లీ స్కాటే చెప్పాడు.

కాబట్టి సంపాదకవర్గానికి నా ప్రతిపాదన ఇది. మన సంచికకు వచ్చే ప్రతి సినిమా పత్రంలోనూ, రచయిత చూసింది ఏ వెర్షన్, దాని నిడివి ఎంత, ఏ సంవత్సరంలో వచ్చిందన్నది మొదటి పేజీలోనే ఉండాలి. లేని పత్రాన్ని తిప్పి పంపాలి. సాయంత్రం సర్వసభ్య సమావేశంలో దీన్ని తీర్మానంగా పెడుతున్నాను. మీ అభ్యంతరాలుంటే అక్కడ చెప్పండి.