వీధులు కలిస్తేనే ఊరు



మీ ఇంటి నుంచి బడికి ఎన్ని దారులున్నాయి? పాత పేటల్లో ఉండేవారు మూడో నాలుగో చెప్పవచ్చు. శివారు కాలనీలవారు చాలామంది ఒకటే అంటారు. ఈ తేడాకు కారణమేమిటో ఈరోజు తెలుసుకుందాం.

జైపూర్ నగరానికి 1727లో సవాయి జైసింగ్ పునాది వేయించాడు. తిన్నని వీధులు, అవి కలిసేచోట చౌపర్ అనే విశాలమైన కూడళ్లు ఏర్పాటయ్యాయి. హైదరాబాదులో 1591 నాటి చార్మినార్ నుంచి నాలుగు దిక్కులకూ దారులు సాగాయి. భవనాలెన్నో మారాయి కాని, ఆ దారుల్లో జనం నేటికీ నడుస్తున్నారు. ఒకసారి వేసిన వీధిని మార్చడం చాలా కష్టం.

మరి పట్టణం పెరిగేటప్పుడు ఏం జరుగుతుంది? పొలాలు ముక్కలు ముక్కలుగా లేఅవుట్లవుతాయి. ఎవరి రోడ్డు వారి హద్దు దగ్గరే ఆగిపోతుంది. మధ్యలో ప్రహరీ గోడ లేస్తుంది. అన్ని సందులూ ఒకే పెద్ద రోడ్డులోకి వచ్చి పడతాయి. బారింగ్టన్-లీ, మిలార్డ్-బాల్ అనే పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1975 నుంచి ప్రపంచంలోని చాలా ప్రాంతాల్లో కొత్త వీధుల మధ్య అనుసంధానం తగ్గుతూ వచ్చింది.

దీన్ని మీరూ కొలవవచ్చు. కాగితంమీద మూడేసి చొప్పున మూడు వరుసల్లో 9 చుక్కలు పెట్టండి. పక్కపక్క చుక్కలనూ, పైకిందా చుక్కలనూ గీతలతో కలపండి. 12 గీతలు వస్తాయి. చుక్కలు కూడళ్లు, గీతలు వీధులు. 12ను 9తో భాగిస్తే 1.33. ఇప్పుడు అవే చుక్కలను చెట్టు కొమ్మల్లా, ఎక్కడా చుట్టు ఏర్పడకుండా కలపండి. 8 గీతలే పడతాయి. 8ని 9తో భాగిస్తే 0.89. ఇక్కడ కొన్ని చుక్కలు దారి ఆగిపోయే చివరలు.

మొదటి పటంలో ఏ ఒక్క గీతను చెరిపినా మరో దారి ఉంటుంది. రెండో పటంలో ఏ గీత చెరిపినా కొన్ని ఇళ్లకు దారే ఉండదు. పైపుల కోసం రోడ్డు తవ్విన రోజు అంబులెన్సు ఎటు నుంచి రావాలి? గోడ అవతలే ఉన్న బడికి మైలు దూరం చుట్టి వెళ్లాలంటే పిల్లలు నడుస్తారా? బండి తీయక తప్పదు. ఆ బళ్లన్నీ చేరేది ఆ ఒక్క రోడ్డు మీదికే.

రోడ్డును వెడల్పు చేసినంత మాత్రాన ఈ చిక్కు తీరదు. లేఅవుటు గీసే రోజే పక్క లేఅవుటుకు దారి వదలాలి. ఇప్పటికే కట్టిన చోట, గోడలో నడిచేవారికి ఒక చిన్న గేటు పెట్టినా ఎంతో మేలు.

ఈ ఆదివారం మీ పేట పటం గీయండి. కూడళ్లు, దారి ఆగిపోయే చివరలు, వాటిని కలిపే వీధులు లెక్కపెట్టి భాగించి చూడండి. ఏ గోడలో గేటు పెడితే ఎవరికి దారి దగ్గరవుతుందో గుర్తించి, ఆ పటాన్ని మీ పెద్దలకు చూపించండి.