న్యూట్రల్ గేరు – వాలున బండి

ఎడ్లబండిని వాలున నిలిపినప్పుడు చక్రమునకు రాయి పెట్టుట మన పెద్దలు నేర్పిన జాగ్రత్త. ట్రాక్టరు విషయమున మాత్రము గేరుకఱ్ఱను న్యూట్రల్‌లో నుంచి, పని తీరెనని దిగిపోవువారు పలువురు గలరు. ఈ పొరపాటు ప్రాణాంతకము.

ఇంజను తిరుగుచున్నను చక్రములు నిలిచియుండుటకై కల్పింపబడినదే న్యూట్రల్. అప్పుడు ఇంజనునకును చక్రములకును గల లంకె తెగును. కాడి దించిన యెద్దు బండిని లాగదు, ఆపదు గదా! అట్లే న్యూట్రల్‌లోనున్న బండిని ఇంజను పట్టియుంచజాలదు.

కావున ఇంజను నాపి, చేతిబ్రేకు బిగించి, బండి ఎత్తునకు మొగమై యున్నచో మొదటి గేరును, పల్లమునకు మొగమైనచో వెనుక గేరును వేసి, చక్రమునకు రాయి పెట్టవలెను. హై–లో కఱ్ఱ న్యూట్రల్‌లో నున్నచో ఏ గేరు వేసినను ఫలము లేదు. మరల నడపబోవునపుడు న్యూట్రల్‌నకు తెచ్చియే ఇంజను నారంభింపవలెను. లేనిచో బండి యెదుటనున్న పిల్లలపైకి దుముకును.

డీజిలు మిగులునని పల్లమున న్యూట్రల్‌లో దింపుటయు తగదు. ఇంజను నిరోధము పోయి, భారమంతయు బ్రేకులపై బడి, అవి మిక్కిలి కాగి పట్టు దప్పును.

ఇక లోపముల గురుతులు. నిలిచిన బండికి గేరు గరగరమనుచు పడినచో క్లచ్ పూర్తిగా విడుటలేదని యెఱుంగవలెను. ఇంజను వేగము హెచ్చినను బండి వేగము హెచ్చనిచో క్లచ్ జారుచున్నది. వేసిన గేరు తానే యూడి న్యూట్రల్‌నకు వచ్చుచున్నచో లోపలి భాగములు అరిగియుండును. జాగు సేయక మెకానిక్కునకు జూపవలెను.

మీ యింటి యువకులు బండి దిగునపుడు ఈ మాటలు జ్ఞప్తి చేయుడు.